ఘాటు రాని మిరపకాయలు

నా చెల్లెలు ఏదైనా కొత్తది కొన్నదంటే ముందు నాకే ఫోను చేస్తుంది. "అక్కా, వచ్చి సూసి పో" అంటుంది. నేను పోతాను, చూస్తాను, బాగుందే అంటాను. ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడను. ఇది కుళ్ళు అని నాకు తెలుసు. నలభై ఆరేళ్ళు వచ్చాక నేను మంచిదాన్ని అని అబద్ధం చెప్పుకుని ఏం బావుకోవాలి? అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఎంత కడుపుమంటగా ఉన్నా, ఆమె నాకు చూపించకపోతే అంతకు రెండింతలు మండుతుంది. ఆ ఇంట్లో అడుగుపెట్టే ప్రతి కొత్తదాన్నీ ముందు చూసేది నేనే కావాలి. చూసి ఏడవాలి. ఆ హక్కు నాది, ఇంకెవరికీ ఇవ్వను.

ఆమెది ఎమ్మిగనూరు, నాది ఆదోని. మధ్యలో గంట ప్రయాణం. మా ఆయన బస్సు కండక్టరు, ఎక్కువగా ఆ దారిలోనే డ్యూటీ, రోజుకు మూడుసార్లు నా చెల్లెలి ఊరికి పోయి వస్తాడు. మా మరిదికి బోరు మోటార్లు, డ్రిప్పు పైపుల షాపు. వాన రాకపోతే ఊరంతా ఆకాశం చూసి ఏడుస్తుంది, మా మరిది మాత్రం కొత్త స్టాకు దింపుకుంటాడు. నేను ఇంట్లో చీరలకు ఫాల్ కుట్టి పీకో వేస్తాను. బట్ట కుట్టడం నా పని, కన్ను కుట్టడం నా గుణం. మాకొక కూతురు, కర్నూల్లో హాస్టల్లో ఉండి చదువుతోంది. వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఆ ఒక్క విషయంలో నేను ఆమెను చూసి ఏడవలేదు. ఆమె నన్ను చూసి ఏడ్చిందేమో, ఏనాడూ నోరు తెరిచి అనలేదు.

ఆమెకు పిచ్చి పట్టడం కూడా వరసగా పడుతుంది, ఒకటి తీరాక ఒకటి. మొదట చేపల తొట్టి. హాల్లో గోడ పొడవునా అద్దాల తొట్టి పెట్టించి, నారింజ రంగు చేపలు వదిలి, వాటికి ఎండ తగలకూడదని కిటికీలకు పరదాలు కట్టింది. అప్పుడు మా వీధిలో నాలుగు రోజులకొకసారి నీళ్ళొచ్చేవి. నేను బిందెలు వరసలో పెట్టుకుని నిలబడే కాలంలో, నా చెల్లెలి చేపలు వారం వారం నీళ్ళు మార్పించుకున్నాయి. ఆ తర్వాత నూనె లేకుండా బజ్జీలు చేసే మిషను. ఎమ్మిగనూరులో ఉండి నూనె లేని బజ్జీ తినాల్సిన ఖర్మ ఏమిటో నాకర్థం కాలేదు. కొరికి చూస్తే అట్టముక్కలా ఉంది. అయినా ఇంటికొచ్చి మా మసిబారిన మూకుడును చూస్తే ఏడుపొచ్చింది.

ఆ తర్వాత నేల తుడిచే మిషను వచ్చింది. గుండ్రంగా, రొట్టెల పెనమంత ఉంటుంది. మీట నొక్కితే తనంతట తానే ఇల్లంతా తిరుగుతుంది.

"సూడక్కా, అదే పోతాది, అదే వస్తాది. మనం కూకోని సూస్తా ఉంటే సాలు" అంది నా చెల్లెలు, సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని.

"పనిల్యాక కూకోని సూడాలన్నా ఓపిక కావల్ల" అన్నాను.

అది గడప దగ్గరికి పోయి, మూడుసార్లు తల కొట్టుకుని వెనక్కి తిరిగింది. నాకు లోపల ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. సాయంత్రం ఇంట్లో చీపురు పట్టుకునే వరకే ఆ హాయి.

ఇంత ఏడుపుగొట్టుదాన్ని కదా, మా వీధిలో దిష్టి తీయడానికి అందరూ పిలిచేది నన్నే. చంటిపిల్ల పాలు తాగకపోయినా, కొత్త పెళ్ళికూతురికి తలనొప్పి వచ్చినా, కొన్న మూడో రోజే ఆటో గోడకు గుద్దుకున్నా, "ఆ పీకో వేసే ఆమెను పిలవండి, ఆమె హస్తవాసి మంచిది" అంటారు. ఎదురింటి బీబీ కూడా మనవణ్ణి ఎత్తుకొచ్చి "నజర్ తగిలిందమ్మా, జర తీసెయ్" అని నా మిషను పక్కన కూర్చోబెడుతుంది.

పద్ధతి అందరికీ తెలిసిందే. పిడికిట్లో రాళ్ళ ఉప్పు, ఏడు ఎండుమిరపకాయలు, చిటికెడు ఆవాలు పట్టుకుని, మనిషిని తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, అటు మూడు చుట్లు ఇటు మూడు చుట్లు తిప్పి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అనుకుంటూ నిప్పుల్లో వేయడం. మిరపకాయలు కాలి ఘాటు లేచి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. ఎవరికీ దగ్గు రాకపోతే గట్టి దిష్టి తగిలినట్టు, అది ఆ నిప్పుల్లోనే కాలిపోయినట్టు. దగ్గు రాలేదంటే ఆ ఇంటిల్లిపాదికీ ఎంత సంతోషమో. రోగం కాదు, నొప్పి కాదు, ఎవరి కన్నో పడింది, పోయింది, ఇక భయం లేదు. నేను తీస్తే ఎప్పుడూ దగ్గు రాదు. అందుకే నాకంత పేరు.

ఎందుకు రాదో నాకు తెలుసు. కౌతాళం వైపు నుంచి ఒకామె ఏడాదికొకసారి చీరలన్నీ మూటగట్టి నా దగ్గరికి తెస్తుంది. వాళ్ళకు కాలువ కింద బ్యాడిగి మిరప తోట ఉంది. ఆ కాయ ముడతలు పడి ఎర్రగా నిగనిగలాడుతుంది. కూరలో వేస్తే రంగు వస్తుంది గానీ కారం ఉండదు. వచ్చినప్పుడల్లా నాకొక సంచెడు ఇచ్చి పోతుంది. ఒకసారి ఎవరో పిల్లకు దిష్టి తీయమంటే, చేతికందాయి కదా అని ఆ కాయలే పట్టుకున్నాను. నిప్పుల్లో చిటపటమని ఊరుకున్నాయి, ఒక్కరికీ దగ్గు రాలేదు. "ఎంత దిష్టి ఉండాది సూడు తల్లీ" అని ఆ పిల్ల తల్లి నా చేతులు కళ్ళకద్దుకుంది. అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అప్పటినుంచి వంటకు గుంటూరు కాయలు ఒక డబ్బాలో, దిష్టికి బ్యాడిగి కాయలు ఇంకో డబ్బాలో పెట్టుకున్నాను. మోసమే, కాదనను. కానీ ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు, భయపడుతూ వచ్చినవాళ్ళు నవ్వుతూ పోయారు. మా ఆయనకు కూడా ఈ సంగతి చెప్పలేదు. ఆయన చెవిలో పడిన మాట తర్వాతి ట్రిప్పుకే ఎమ్మిగనూరు చేరుతుంది.

నా చెల్లెలు ఏది కొన్నా దిష్టి నేనే తీయాలి. చేపల తొట్టికి తీశాను. కారుకు తీశాను. లోపల కుతకుత ఉడుకుతూ, పైకి నవ్వుతూ, ముడతల మిరపకాయలు తిప్పుతూ తీశాను. దగ్గు రాలేదని ఆమె ప్రతిసారీ మురిసిపోయింది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు. ఊళ్ళో ఇంతమంది తనను చూసి కుళ్ళుకుంటున్నారంటే తను బాగున్నట్టే కదా, అదీ ఆ మురిపెం.

ఆ వరసలోనే విదేశాల పిచ్చి పట్టింది. షాపుకు పైపులు పంపే కంపెనీవాళ్ళు, ఎక్కువ సరుకు అమ్మిన వాళ్ళను మొగుడూ పెళ్ళాలను కలిపి విమానంలో తిప్పుకొస్తారట. ఆ వంతు తమకు ఎప్పటికైనా వస్తుందని నా చెల్లెలు ముందే పాస్‌పోర్టు తీయించుకుంది. "నువ్వు గూడ తీయించుకోక్కా. కంపెనీ సంగతి తర్వాత, మొదటిసారి మనిద్దరమే పోదాం" అంది. నమ్మాను. కర్నూలుకు పోయి, వేళ్ళన్నీ అద్దం మీద పెట్టి, ఫోటో దిగి వచ్చాను. పోస్టులో వచ్చిన రోజు ఆ నీలం పుస్తకాన్ని ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నానో. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "మా బస్సులో ఆడోళ్ళకు ఆధార్ కార్డు సాలమ్మే, దీంతో పనిల్యా" అన్నాడు. ఆయన డ్యూటీ మీద దాటిన పరదేశం రాయచూరు ఒక్కటే. నేను పుస్తకాన్ని బీరువాలో పట్టుచీరల మధ్య, కలరా ఉండలు వేసి దాచాను.

పోయిన ఏడాది కుక్క వచ్చింది. బెంగళూరు నుంచి తెప్పించారు. తెల్లగా, ఒళ్ళంతా బొచ్చు, కళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. దానికొక ఇంగ్లీషు పేరు పెట్టారు. ఆ పేరు నేను ఒక్కసారీ పలకలేదు, కుక్క అనే అన్నాను. మా ఎండలకు ఆ బొచ్చుతో అది బతకదని మధ్యాహ్నమంతా ఏసీ వేసేవాళ్ళు. నేను మిషను తొక్కుతూ కొంగుతో చెమట తుడుచుకునేటప్పుడల్లా ఆ కుక్క చల్లగా పడుకున్న సంగతి గుర్తొచ్చేది. మనిషిని చూసి కుళ్ళుకోవడం ఒక ఎత్తు. కుక్కను చూసి కుళ్ళుకునే గతి పట్టాక ఇంక దిగడానికి మెట్టు లేదు.

నా చెల్లెలు మాత్రం దానితో మారిపోయింది. చేపలనైనా మిషన్లనైనా నెల తిరక్కుండా మరిచిపోయే మనిషి, దీన్ని ఒడి దింపలేదు. పొద్దున్నే దానికి తల దువ్వి, కోడికూర ఉడికించి, ఎముకలు ఏరి, అన్నంలో కలిపి, నేల మీద కూర్చుని ముద్దలు పెట్టేది. ఒకరోజు నేను పోయేసరికి అదే పనిలో ఉంది. కుక్క గబగబా తింటోంది. నేను చూస్తూ చూస్తూ, "ఎంత బాగా తింటాందే, మా ఇంట్లో మనుషులు గూడ ఇంత తినరు" అన్నాను.

నా చెల్లెలి చెయ్యి ఆగిపోయింది. గిన్నెను మెల్లగా తన వెనక్కి జరుపుకుంది.

"తినేదాన్ని సూసి అట్ల అనగూడదక్కా."

"కుక్కకేం దిష్టే?"

"కుక్కయితే మాత్రం" అంది, నా వైపు చూడకుండా.

ఆ రోజు దిష్టి తీయమని అడగలేదు. బస్సులో వస్తూ నేను ఆ మాటే తలుచుకున్నాను. కన్ను పెట్టాలని అన్న మాట కాదు. కానీ ముచ్చటపడి అన్న మాటా కాదు. ఆమెకు ఆ తేడా తెలిసిపోయిందని నాకు అర్థమైంది.

రెండు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, చొక్కా విప్పుతూ, "మీ సెల్లెలోళ్ళు ఈ పొద్దు మలేసియాలో యాడ తిరుగుతాండ్రో" అన్నాడు. నాకు తెలిసే ఉంటుందనుకుని, మామూలుగా అన్నాడు.

"యాడ?" అన్నాను.

ఆయన ఫోను తీసి వాట్సాప్ స్టేటస్ చూపించాడు. ఆకాశానికి తగిలే జంట టవర్ల ముందు నా చెల్లెలు, నల్ల కళ్ళద్దాలు, జీన్సు ప్యాంటు, చేతిలో కొబ్బరి బోండాం. ఆదోనిలో దొరకని కొబ్బరి బోండామా అది? వెంటనే నా ఫోను తెరిచాను. అందులో ఆమె స్టేటస్ లేదు. నెట్టు రాలేదేమో అనుకుని ఫోను ఆపి మళ్ళీ పెట్టాను. అప్పుడూ లేదు. మర్నాడు ఫాల్ కోసం వచ్చిన ఒక కాలేజీ పిల్లను అడిగితే, నా ఫోను అటూ ఇటూ నొక్కి, "ఆంటీ, మీకు కనపడకుండా పెట్టినట్టుండాది" అంది, నా మొహం చూడలేక.

బావకు చూపించింది, అక్కకు దాచింది. ఆ పిల్ల పోయాక బీరువా తెరిచి పాస్‌పోర్టు తీశాను. ఒక్క పేజీలో ఒక్క ముద్ర లేదు, కలరా ఉండల వాసన తప్ప. ఆమె మలేసియా పోయినందుకు నాకు మంట లేదంటే అబద్ధమే, మండిపోయింది. కానీ అంతకంటే, నా కంట పడకూడదని తలుపులు వేసుకున్నందుకు ఎక్కువ మండింది. నా కుళ్ళు ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. తెలిసే పిలిచేది, తెలిసే చూపించేది. ఇప్పుడు భయపడుతోంది. కుక్కను కూడా గంట దూరంలో ఉన్న నా దగ్గర వదలకుండా, షాపు వాచ్‌మన్ ఇంట్లో వదిలి పోయిందట. ఆ వారం నేను వేసిన పీకో అంతా వంకరే. ఇద్దరు చీరలు వెనక్కి తెచ్చారు.

వాళ్ళు తిరిగొచ్చిన పది రోజులకు, ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటి ముందు కారు ఆగింది. నా చెల్లెలు ఒక్కతే దిగింది. చేతుల్లో టవల్లో చుట్టిన కుక్క. తెల్లబొచ్చు అంతా అట్టలు కట్టి ఉంది, తల ఆమె మోచేతి మీద వాలిపోయింది. నా మిషను మీద ఒక చాక్లెట్ల ప్యాకెట్టు, జంట టవర్ల బొమ్మ ఉన్న తాళాల రింగు పెట్టింది.

"అయిదు దినాలైందక్కా, మెతుకు ముట్టల్యా. ఊళ్ళో డాక్టరు సూదులేసినాడు, తగ్గల్యా. కర్నూలుకు తీసుకపోయి రక్తం పరీక్ష సేపించమంటాడు. ఏం రోగమని సెప్తారో అని నాకు కాళ్ళు ఆడ్డంల్యా. నువ్వు ఒగసారి దిష్టి తియ్యి."

"మలేసియా నుంచి ఎప్పుడొస్తివి?" అన్నాను.

ఆమె కుక్క మీద టవలు సర్దింది.

"పోయిందే నాకు తెలీదు, వచ్చింది ఎట్ల తెలుస్తాదిలే."

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా. తిట్టేది తర్వాత తిట్టుదువు, ముందు దీన్ని సూడు."

వంటింట్లోకి పోయాను. రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఎప్పటిలా బ్యాడిగి కాయలు వేస్తే దగ్గు రాదు. దగ్గు రాకపోతే దిష్టి ఉన్నట్టు. ఉంటే ఎవరిది? ఆమె మనసులో ఉన్న పేరు నాకు తెలుసు. నాకు కనపడకుండా ఫోటోలు దాచిన మనిషి, ఇప్పుడు నా చేతే, నా కన్నే పడిందని తేల్పించుకుని పోవాలని వచ్చింది. ఈసారి నిజమే తేలనీ అనుకున్నాను. నేను కుళ్ళుబోతుదాన్నే గానీ ఒక నోరులేని జీవాన్ని తినకుండా చేసేంత పాపిష్టిదాన్ని కాదు. గుంటూరు డబ్బా తెరిచి ఏడు కాయలు తీసుకున్నాను. తనొకసారి కళ్ళనీళ్ళు వచ్చేలా దగ్గాలని కూడా లోపల ఉంది. అదీ దాచను.

వాకిట్లో కుంపటి రాజేశాను. చెల్లెలు కుక్కను ఒళ్ళో పెట్టుకుని తూర్పుకు తిరిగి కూర్చుంది. తిప్పాను, నిప్పుల్లో వేశాను. ఒక్క నిమిషంలో ఘాటు లేచింది. మొదట నేను దగ్గాను, తర్వాత చెల్లెలు. లోపల పడుకున్న మా ఆయన తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తుకొచ్చాడు. కుక్క కూడా ఓపిక లేకుండా రెండు తుమ్ములు తుమ్మింది.

"సూస్తివా?" అన్నాను, దగ్గు ఆపుకుంటూ. "దిష్టి ల్యా, ఏం ల్యా. దీని మీద ఎవురి కన్నూ పడల్యా."

ఆమె సిగ్గుపడుతుందని, తల దించుకుంటుందని చూశాను. ఆమె తల దించుకుంది గానీ సిగ్గుతో కాదు. కుక్క బొచ్చులో మొహం పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

"అట్లయితే నిజంగా రోగమేనా అక్కా? నీ కన్నే పడింటాదని ఎంత ఆశతో వస్తినో. మా యత్త గూడ అదే అనె, మీ యక్క కండ్లే, ఆమె సేత్తోనే తీపియ్యి, కన్ను పెట్టినోళ్ళే తీస్తే మళ్ళా రాదు అనె. నీదైతే పోతాదిలే, నా బిడ్డ బతుకుతాదిలే అనుకుంటి. నీ కన్నయినా పడింటే బాగుండునే."

ఇన్నేళ్ళుగా నేను పైకి నవ్వుతూ కప్పుకొచ్చిన కుళ్ళు మీదే ఆమె ఆశ పెట్టుకుని వచ్చింది. నేను నా మంచితనం నిరూపించుకుని ఆ కాస్త ఆశనూ నిప్పుల్లో వేశాను. మా ఆయన గుమ్మంలో నిలబడి నన్ను చూస్తున్నాడు. కుక్క ఊపిరికి దాని పక్కటెముకలు కనపడుతున్నాయి.

"ఉండు, ఏడ్వాకు" అన్నాను. "నేనొక మాట మర్సిపోతి. అందరి దిష్టీ అన్నా గానీ, అనాల్సింది అనల్యా. ఆ మాట అనకుంటే దిష్టి యాడికి పోతాది, ఆడ్నే ఉంటాది."

లోపలికి పోయి ఈసారి బ్యాడిగి డబ్బా తీశాను. మళ్ళీ వచ్చి కుక్క చుట్టూ తిప్పుతూ, వీధిలోకి వినపడేంత గట్టిగా అన్నాను. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, అక్క దిష్టి, అక్క కండ్ల దిష్టి, దీని తిండి సూసిన దిష్టి, దీని ఏసీ సూసిన దిష్టి, అక్క కడుపులో ఉండే పాపిష్టి దిష్టి, పో." ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం లేదు. అబద్ధమంతా మిరపకాయల్లోనే ఉంది. నిప్పుల్లో వేస్తే చిటపటలాడి నల్లబడ్డాయి. ఎవరికీ దగ్గు రాలేదు. ఎదురింటి బీబీ తలుపు తీసి చూసి, మళ్ళీ మెల్లగా వేసుకుంది.

నా చెల్లెలు మొహం ఎత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ ఆ భయం పోయింది. "పోయిందక్కా" అంది. "నీదే. పోయింది."

"పోయింది. కానీ అది పీల్చుకున్న రక్తం మందుతోనే రావల్ల. రేపు తెల్లారేసరికి కర్నూలులో ఉండల్ల నువ్వు. పరీక్షకు భయపడాకు, ఇంగ ఏం పెద్ద రోగం సెప్పరు."

మర్నాడు పోయింది. పిడుదులు కుట్టి వచ్చే జ్వరమట. వాచ్‌మన్ ఇంట్లో పశువుల దగ్గర కట్టేసినప్పుడు పట్టుకున్నట్టున్నాయి. సెలైను ఎక్కించి నెల రోజులకు మాత్రలు ఇచ్చారు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే దక్కేది కాదని ఆ డాక్టరు అన్నాడట. మూడో రోజు పొద్దున ఫోను వచ్చింది. "అక్కా, పెరుగన్నం తినింది" అంది చెల్లెలు. నేను మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను.

మాత్రల సంగతి ఎవరూ చెప్పుకోలేదు. అక్క కన్నే పడిందంట, అక్కే నోరు తెరిచి ఒప్పుకునిందంట, తీస్తానే కుక్క లేసి కూకునిందంట అని ఎమ్మిగనూరంతా చెప్పుకుంది. మా ఆయన బస్సులో ఇద్దరు ఆడవాళ్ళు ఈ కథ చెప్పుకుంటుంటే విని, ఇంటికొచ్చి నాతో, "నువ్వు ఒప్పుకోకుండా ఉండాల్సింది" అన్నాడు. మా వీధిలో దిష్టికి పిలవడం తగ్గిపోయింది. కన్ను పెట్టేది ఆమే, తీసేదీ ఆమేనా అన్నారట ఎవరో. అననీ. దాని గురించి నేను బాధపడలేదు.

నెల తర్వాత చెల్లెలి ఇంటికి పోయాను. పిలవలేదు, నేనే పోయాను. తలుపు తీసి, కౌగిలించుకుని, కాఫీ పెట్టింది. ఎంత ప్రేమగా చూసిందో, అందులో నటన లేదు. కానీ హాల్లో ఒక మూల మనిషి ఎత్తున ఏదో కొత్త వస్తువు ఉంది, దాని మీద దుప్పటి కప్పి ఉంది. నన్ను దానికి వీపు పెట్టి కూర్చోబెట్టింది. కుక్క ఏదని అడిగితే నిద్రపోతాందంది. లోపలి గదిలో అది నా గొంతు విని మొరుగుతూనే ఉంది, తలుపును గోళ్ళతో గీకుతూనే ఉంది.

ఆ తలుపు తీయించడం నాకు పెద్ద పని కాదు. రెండు డబ్బాల సంగతి చెప్తే చాలు. చెప్తే, అక్క దిష్టి పోయిందన్న ధైర్యం కూడా దాంతోపాటే పోతుంది. రేపు ఆ కుక్క ఒక పూట ముద్ద ముట్టకపోతే నా చెల్లెలికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే కాఫీ తాగుతూ కూర్చున్నాను.

కాసేపటికి ఆమె వంటింట్లోంచి గిన్నె పట్టుకుని, కొంగు దాని మీద కప్పుకుని, నా ముందు నుంచే ఆ గదిలోకి పోయింది. లోపల గడియ వేసిన చప్పుడు వినపడింది. ఆ వెంటనే తలుపు అవతలి నుంచి ఆమె గొంతు.

"అక్కా, ఏమనుకోవాకు."

"ఏమీ అనుకోనులే" అన్నాను. అనుకున్నాను.